టోల్కీన్ ఎందుకంత ఆలస్యం చేశాడు?

మా పిన్నిగారబ్బాయి 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' నవలలు రాసే జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్‌కి వీరాభిమాని. 2011లో ఆ వరసలో ఐదో పుస్తకం వచ్చినప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఇప్పుడు వాడి కూతురు బడికి వెళ్తోంది, ఆరోది ఇంకా రాలేదు. ఈమధ్య ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర పక్కన కూర్చుని గోడు వెళ్ళబోసుకున్నాడు. "ఈ ఫాంటసీ రాసేవాళ్ళందరిదీ ఇదే గొడవ అన్నా. కథ రాయమంటే వంశవృక్షాలు గీస్తారు, భాషలు కనిపెడతారు, పాత మాటలు ఏరుకుంటూ కూర్చుంటారు. ఈ జబ్బు అంటించింది మీ టోల్కీనే."

మార్టిన్‌ని పక్కన పెడదాం. 'హాబిట్', 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన ఇంగ్లీషు రచయిత టోల్కీన్ గురించి మాత్రం వాడన్నదానిలో సగమే నిజం. ఆ మాట పట్టుకుని ఆయన ఉత్తరాల సంపుటం మళ్ళీ తీశాను. చదివేకొద్దీ నాకొక అభిప్రాయం గట్టిపడింది. పాత మాటల మీద మోజు టోల్కీన్ కథని ఆపలేదు, అదే నడిపించింది. కథ ఆగిన చోట్ల కారణాలు వేరు. కాకపోతే నడిచిన కథ చివరికంటా చేరడానికి మాటల మీద ప్రేమ ఒక్కటే చాలదు. అందుకు ఇంకోటి కావాలి. అదేమిటో తేల్చుకోవడానికే ఈ టపా.

లెక్క చూస్తే

'హాబిట్' 1937 సెప్టెంబరులో వచ్చింది. పిల్లలు ఎగబడి చదివారు, ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ ఇంకోటి రాయమన్నాడు. డిసెంబరు 19 నాటికల్లా కొత్త కథకి మొదటి అధ్యాయం రాశానని టోల్కీన్ ఉత్తరం రాశాడు. అదే 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'. పూర్తయింది 1949లో. అచ్చయింది 1954 జులైలో ఒక భాగం, నవంబరులో రెండోది, మూడోది 1955 అక్టోబరులో. రెండో భాగం చివర కథానాయకుడు ఫ్రోడో శత్రువుల చేతికి చిక్కుతాడు. అక్కడ కథ తెగ్గొట్టి పాఠకులను దాదాపు ఏడాది కూర్చోబెట్టారు. ఎందుకయ్యా అంటే, అనుబంధాలు పూర్తి కాలేదు. భాషల గురించి, లిపుల గురించి, రాజవంశాల గురించి, క్యాలెండర్ల గురించి ఉన్న ఆ అనుబంధాలు. పైగా ఇస్తామన్న పేర్ల సూచిక మూడో భాగంలోనూ ఇవ్వలేకపోయారు.

ఇంతవరకూ చూస్తే మా తమ్ముడి ఫిర్యాదు సరైనదే అనిపిస్తుంది. అయితే ఆ పన్నెండేళ్ళలో ఏం జరిగిందో కూడా చూడాలి. సగం కాలం యుద్ధం. ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడి ఉద్యోగం, పాఠాలు, పరిపాలన. నలుగురు పిల్లలు. డబ్బు కోసం బయటి పరీక్ష పేపర్లు కూడా దిద్దేవాడు. 'హాబిట్' మొదటి వాక్యం పుట్టింది కూడా అలా దిద్దుతున్నప్పుడు ఎవరో విద్యార్థి ఖాళీగా వదిలేసిన పేజీ మీదే. వెయ్యి పేజీలు దాటిన పుస్తకాన్ని టైపు చేయించే స్తోమత లేక తనే టైపు చేసుకున్నాడు, తిరిగి మళ్ళీ చేసుకున్నాడు. ఇవన్నీ తీసేస్తే మిగిలే ఆలస్యం ఎంత? దాంట్లో పాత మాటల వాటా ఎంత?

మాటలు దొరికిన చోట

టోల్కీన్ మొదటి ఉద్యోగాల్లో ఒకటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో. 1919, 1920ల్లో డబ్ల్యూ అక్షరంతో మొదలయ్యే మాటల మీద పనిచేశాడు. వార్మ్, వాస్ప్, వాటర్, వింటర్ లాంటివి. వాల్రస్ అనే జంతువు పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చడానికి చిత్తుప్రతి మీద చిత్తుప్రతి రాశాడు. జీవితంలో మరే రెండేళ్ళలోనూ అంత నేర్చుకోలేదని తరవాత చెప్పుకున్నాడు. అప్పటికే ఆయనకు ఈ పిచ్చి ఉంది. ఒక ప్రాచీన ఇంగ్లీషు కావ్యంలో ఏరెండెల్ అన్న పేరు కంటపడితే దాని అందానికి ముగ్ధుడై, ఆ పేరుగలవాడు ఎవడై ఉంటాడా అని 1914లో ఒక పద్యం రాశాడు. ఆ తరవాత అరవై ఏళ్ళు రాసిన పురాణమంతటికీ అదే విత్తనం. తనకు పేరు ముందు, కథ తరవాత అని ఆయనే ఉత్తరాల్లో చెప్పాడు. భాషల కోసమే కథలు పుట్టాయని, కథల కోసం భాషలు పుట్టలేదని కూడా.

దీనికి బాగా దగ్గర్నుంచి చూడదగ్గ ఉదాహరణ ఎంట్‌లు, అంటే నడిచే చెట్లు. ప్రాచీన ఇంగ్లీషు కవులు రోమన్లు వదిలిపోయిన శిథిలాలను చూసి ఇవి 'ఎంట్‌ల పని' అని రాసేవారు. ఎంట్ అంటే రాక్షసుడి లాంటి భారీ మనిషి అనుకోవచ్చు. ఆ మాట ఆయన మనసులో ఎన్నో ఏళ్ళు ఊరింది. తీరా 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాస్తూ ఫంగోర్న్ అడవి చేరేసరికి ఆ అధ్యాయం ఇప్పుడు మనం చదువుతున్నట్టే దాదాపు ఒక్క ఊపున వచ్చేసింది. ముందుగా ఏమీ అనుకోలేదని, ఎవరో రాసింది చదువుతున్నట్టు ఉందని అన్నాడు.

ఇప్పుడు దీన్ని స్ట్రైడర్ అనే పాత్రతో పోల్చండి. ప్రాన్సింగ్ పోనీ సత్రంలో మూల కూర్చున్న ఆ మనిషి ఎవరో ఫ్రోడోకి తెలియనట్టే రచయితకీ తెలియదు. మొదటి చిత్తుల్లో అతని పేరు ట్రాటర్. మనిషి కాదు, చెక్కచెప్పులు టకటకలాడించుకుంటూ తిరిగే ఒక హాబిట్, అంటే టోల్కీన్ కల్పించిన పొట్టి జాతివాడు. అతనికి వంశం లేదు, గతం లేదు. చాలా చిత్తులు గడిచాక మనిషయ్యాడు. అరగార్న్ అన్నారు, ఎల్ఫ్‌స్టోన్ అన్నారు, ఇంగోల్డ్ అన్నారు, మళ్ళీ అరగార్న్ దగ్గరికి వచ్చారు. కథ అసలైన ప్రతిష్టంభనలో పడింది మరుగుజ్జుల మోరియా గనుల్లో, బాలిన్ అనే మరుగుజ్జు సమాధి ముందు. అక్కడ దాదాపు ఏడాది ఆగిపోయానని ఆయనే ముందుమాటలో రాశాడు. ఆ ఏడాది ఆయన ఏ పాత మాట మూలమో వెతుకుతూ గడిపేయలేదు. ముందుకు దారి కనపడలేదు, అంతే.

అంటే మాట పండి ఉన్నచోట కథ పరిగెత్తింది. మాట ఇంకా దొరకని చోట, ఆ మనిషెవరో తెలియని చోట తడుముకుంది. అందుకే 'మాటలు ఏరుకుంటూ కూర్చున్నాడు' అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన ఏరుకున్నది రాయడానికి పనికొచ్చే సరుకే.

మాంత్రికుడు గాండాల్ఫ్ పేరు కూడా ఇలాంటిదే. పాత స్కాండినేవియన్ భాష ఓల్డ్ నార్స్‌లోని కవిత 'వోలుస్పా'లో మరుగుజ్జుల పేర్ల జాబితా ఒకటి ఉంది. 'హాబిట్' మొదటి చిత్తులో ఆ జాబితా నుంచి తీసిన గాండాల్ఫ్ అనే పేరు మరుగుజ్జుల నాయకుడిది. మాంత్రికుడి పేరు బ్లాడోర్థిన్. ఆ పేరుతో ఆ ముసలాయన తరవాతి పుస్తకంలో వంతెన మీద నిలబడి ఉండగలిగేవాడా? నాకు నమ్మకం లేదు.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. మరుగుజ్జు అని అర్థమున్న 'డ్వార్ఫ్'కి బహువచనం డ్వార్ఫ్స్ అని నిఘంటువులు చెబుతాయి. టోల్కీన్ డ్వార్వ్‌స్ అని రాశాడు. అది వ్యాకరణరీత్యా తప్పేనని, అసలు చారిత్రకంగా రావలసిన రూపం డ్వారోస్ అని ఆయనే ఒప్పుకున్నాడు. 1953లో ప్రూఫులు వచ్చేసరికి అచ్చు కూర్చేవాళ్ళు పుస్తకమంతటా డ్వార్వ్‌స్‌ని డ్వార్ఫ్స్ చేసేశారు. ఎల్విష్‌ని ఎల్ఫిష్ చేశారు, ఎల్వెన్‌ని ఎల్ఫిన్ చేశారు. ఈ చివరిది ఆయన్ని బాగా బాధపెట్టింది. ఎల్ఫిన్ అంటే రెక్కలున్న చిట్టిపొట్టి బొమ్మలు గుర్తొస్తాయి. ఆయన ఎల్ఫ్‌లు వేల ఏళ్ళ దుఃఖం మోసే పొడుగాటి మనుషులు. ఒక్క అక్షరం తేడాతో జాతి మొత్తం చిన్నబోతుంది. అన్నిటినీ పట్టుబట్టి వెనక్కి మార్పించాడు. 1961లో 'హాబిట్' పఫిన్ ప్రతిలో మళ్ళీ ఇదే దిద్దుబాటు జరిగింది, మళ్ళీ మండిపడ్డాడు. ఇక తను వాడకుండా వదిలేసిన ఆ పాత డ్వారో రూపాన్ని ఏం చేశాడనుకున్నారు? మోరియాకి ఉన్న పేర్లలో ఒకటైన డ్వారోడెల్ఫ్‌లో భద్రంగా దాచాడు.

మరీ అంత పాతగా మాట్లాడాలా?

నాకెదురయ్యే అసలైన అభ్యంతరం ఆలస్యం గురించి కాదు, ఈ పాత భాష గురించి. రెండో భాగం రాగానే హ్యూ బ్రోగన్ అనే కుర్ర పాఠకుడు, తరవాత చరిత్రకారుడయ్యాడు, ఆ గ్రాంథిక ధోరణి బాగాలేదని రాశాడు. ముఖ్యంగా థియోడెన్ రాజు కొలువు అధ్యాయంలో. టోల్కీన్ దీనికి 1955లో ఒక జవాబు మొదలుపెట్టి పంపకుండా ఉంచేశాడు. ఆ పంపని ఉత్తరం నా దృష్టిలో ఈ విషయం మీద వచ్చిన అన్ని వ్యాసాల కన్నా విలువైనది.

అందులో ఆయన చేసిందేమిటంటే, థియోడెన్ మాటలు నాలుగు తీసుకుని వాటిని ఇప్పటి వాడుక ఇంగ్లీషులోకి మార్చి చూపించాడు. గాండాల్ఫ్‌ని డాక్టరుగా నీ చెయ్యి మంచిదోయ్ అన్నంత తేలిక ధోరణిలో పలకరించి, యుద్ధానికి నేనే వెళ్తాను, ముందుగా పోయేవాళ్ళలో నేనున్నా సరే అంటాడు రాజు. అంతవరకూ ఎలాగో లాక్కొచ్చాం, మరి తరవాత వాక్యం సంగతేమిటని అడుగుతాడు టోల్కీన్. అలా పోతే నాకు నిద్ర బాగా పడుతుంది అన్న మాట ఆ వాడుక భాష మాట్లాడే మనిషి నోట రాదు. వచ్చినా నమ్మం. సమాధిలో సుఖంగా పడుకోవడం గురించి ఆలోచించే మనిషి ఆ యాసలో ఆలోచించడు. భాష మారిస్తే ఆలోచన అబద్ధమైపోతుంది.

ఈ వాదన నాకు పూర్తిగా నచ్చింది. పైగా ఆయన పుస్తకమంతా ఒకే పాకంలో వండలేదు. హాబిట్లుండే షైర్‌లో వాళ్ళది పల్లెటూరి వాడుక మాట. ఫ్రోడోకి తోడుగా వెళ్ళే శామ్ చివరిదాకా అలాగే మాట్లాడతాడు. థియోడెన్ రాజ్యం రోహన్ వెళ్ళేసరికి పేర్లు, మాటలు ప్రాచీన ఇంగ్లీషువి. థియోడెన్ అన్న పేరుకే ఆ భాషలో ప్రభువు అని అర్థం. ఆ తూకం ఎక్కడ తెలుస్తుందంటే, మాథమ్ అనే చిన్న మాటలో. ప్రాచీన ఇంగ్లీషులో అది నిధికి, రాజులిచ్చే కానుకకి వాడే మాట. షైర్‌లో మాత్రం ఎందుకూ పనికిరాకపోయినా పారేయబుద్ధి కాక దాచుకునే వస్తువుకి ఆ పేరు. మన ఇళ్ళల్లో అటక మీద సామాను. ఒక్క మాట చాలు, హాబిట్లు ఏ వీరగాథల ప్రపంచం నుంచి ఎంత దూరం జారి వచ్చి ఇలా హాయిగా బతుకుతున్నారో చెప్పడానికి.

అయినా బ్రోగన్ వైపు కూడా కొంత న్యాయం ఉందని ఒప్పుకుంటాను. మూడో భాగంలో ఉంగరం నాశనమయ్యాక, పట్టాభిషేకం చుట్టూ ఉన్న పేజీల్లో 'మరియు' మీద 'మరియు' వచ్చి వాక్యాలు ఊరేగింపులా సాగుతాయి. అక్కడ మాట్లాడేది థియోడెన్ కాదు, కథకుడే. ఆ గంభీరత ఎవరి గుండెలోంచి వస్తున్నదో నాకు అందదు. శామ్ ఆ పేజీల్లో నోరు విప్పినప్పుడల్లా ప్రాణం లేచొస్తుంది.

తరవాతేమైంది?

ఇప్పుడు మా తమ్ముడి మాటలో నిజమున్న సగానికి వస్తాను. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పూర్తయింది. ఎల్ఫ్‌ల పురాణమైన 'సిల్మరిలియన్' కాలేదు. అదే మనిషి, అదే మాటల ప్రేమ, పైగా రెండోదానికి జీవితమంతా ఉంది. 1959లో ఉద్యోగ విరమణ చేశాక పద్నాలుగేళ్ళ తీరిక కూడా ఉంది. ఎందుకు కాలేదు?

మొదటిదాని వెనక మనుషులున్నారు. గురువారం రాత్రుళ్ళు సి. ఎస్. లూయిస్ గదిలో మిత్రులు చేరితే అక్కడ అధ్యాయాలు చదివేవాడు. లూయిస్ చనిపోయాక, 1965లో రాసిన ఉత్తరంలో, అతని ఆసక్తి, ఇంకా ఇంకా వినాలన్న ఆత్రం లేకపోతే ఈ పుస్తకం ముగించేవాణ్ణే కాదని టోల్కీన్ చెప్పుకున్నాడు. 1944లో శత్రుదేశం మోర్డోర్‌కి ఫ్రోడో ప్రయాణం రాయడానికి మనసు రాకపోతే బలవంతాన మొదలుపెట్టి, రాసింది రాసినట్టు దక్షిణాఫ్రికాలో వైమానిక దళంలో ఉన్న కొడుకు క్రిస్టఫర్‌కి సీరియల్‌లా పంపాడు. ఆ నెలల ఉత్తరాలు చదివితే కథ ఎంత వేగంగా కదిలిందో తెలుస్తుంది. చంద్రుడు ఒకచోట ఉదయిస్తుంటే అదే వేళకి ఇంకోచోట అస్తమిస్తున్నాడని గమనించి, పాత అధ్యాయాలు సరిచేసుకుంటూ కూడా ముందుకే వెళ్ళాడు. చాదస్తం అప్పుడూ ఉంది. దాన్ని దాటించే మనిషి ఉన్నాడు.

దీనికి గట్టి ఎదురు ఉదాహరణ ఉంది, దాటేయకూడదు. 1966 వేసవిలో క్లైడ్ కిల్బీ అనే అమెరికన్ ప్రొఫెసర్ 'సిల్మరిలియన్' విషయంలో సాయం చేస్తానని ఆక్స్‌ఫర్డ్ వచ్చి కూర్చున్నాడు. శ్రద్ధగల పాఠకుడే. పుస్తకం కదల్లేదు. అంటే పక్కన మనిషి ఉంటే చాలదన్నమాట. నాకు తోచేదేమిటంటే, కిల్బీ వచ్చింది కాగితాలు సర్దిపెట్టడానికి. లూయిస్, క్రిస్టఫర్ అడిగింది తరవాతేమైందని. 'సిల్మరిలియన్'లో తరవాతేమైందో ఆయనకు 1930ల నుంచే తెలుసు. అడిగి రాబట్టవలసిన కథ మిగల్లేదు, మిగిలింది సవరణలే.

1960లలో పాఠకులు లక్షల్లో పెరిగారు, ఉత్తరాలు వెల్లువెత్తాయి. వాళ్ళు అడిగింది ఎక్కువగా పేర్ల గురించి, అర్థాల గురించి, వంశాల గురించి. ఆయన ఓపిగ్గా జవాబులు రాస్తూ, ఆ జవాబుల్లోంచి కొత్త వ్యాసాల్లోకి దిగాడు. 1968 ప్రాంతంలో రాసిన ఒక వ్యాసం నాకు ప్రాణం. ఎల్ఫ్‌ల భాషలో థ ధ్వని స ధ్వనిగా మారిపోతుంటే ఫేనోర్ అనే ఎల్ఫ్ రాకుమారుడు ఒప్పుకోడు, ఎందుకంటే అతని తల్లి పేరు థెరిండె. సెరిండె అంటే తల్లిని అవమానించినట్టే. అందులోంచి రెండు వర్గాల పోరు. బండి ఱ మామూలు ర లో కలిసిపోయినా ప్రాసలో రెంటినీ కలపనివ్వని కవులను చూసిన తెలుగువాళ్ళకి ఆ పట్టుదల కొత్తగా అనిపించదు. ధ్వని మార్పు లాంటి పొడి విషయంలోంచి ఒక కొడుకు దుఃఖం తీసినవాడు మరొకడు నాకు తెలియదు.

అదే కాలంలో రాసిన ఇంకో వ్యాసం ఉంది. ఎల్రోస్ లాంటి పేర్ల చివర వచ్చే 'రోస్' ఎక్కడిదో పేజీల తరబడి తర్కించి ఒక సమాధానం కట్టాడు. తీరా చూస్తే, అచ్చులో ఉన్న పుస్తకంలో కైర్ ఆండ్రోస్ అనే దీవి పేరుకి అంతకుముందే వేరే వివరణ ఇచ్చేసి ఉన్నాడు. ఇందులో చాలా భాగం చెల్లదని తన వ్యాసం మీద తనే రాసుకున్నాడు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి అలా తన వాదాన్ని తనే కొట్టేసుకోవడం చూసి నాకు బాధ కలిగింది. ఆ పేజీలు చదివి తరవాతేమైంది అని అడిగే మనిషి ఆ గదిలో లేడు.

ఎర్రన పని

1973 సెప్టెంబరులో టోల్కీన్ పోయాడు. నన్నయ శారద రాత్రుల దగ్గర ఆపిన అరణ్యపర్వాన్ని ఎర్రన నింపినట్టు, క్రిస్టఫర్ కూర్చుని 1977లో 'సిల్మరిలియన్' తెచ్చాడు. ఎర్రన తన పేరు వెనక్కి పెట్టి, మూడు వందల ఏళ్ళ కిందటి రాజరాజనరేంద్రుడికే ఆ భాగం అంకితమిచ్చి, నన్నయే ముగించినట్టు రాశాడు. క్రిస్టఫర్ చేసిందీ మొదట అదే, అతుకు కనపడకుండా తండ్రి గొంతుతో. డోరియత్ అనే ఎల్ఫ్ రాజ్యం నాశనమయ్యే అధ్యాయానికి తండ్రి తరవాతి రాత దొరక్క, సహాయకుడు గై గావ్రియల్ కేతో కలిసి దాదాపు కొత్తగా అల్లవలసి వచ్చింది.

ఎర్రన చేయనిది ఒకటి క్రిస్టఫర్ చేశాడు. 1983 నుంచి 1996 దాకా పన్నెండు సంపుటాల్లో తండ్రి చిత్తులన్నీ కొట్టివేతలతో సహా బయటపెట్టాడు. డోరియత్ విషయంలో సంపాదకుడిగా హద్దు దాటానని కూడా వాటిలోనే రాశాడు. నున్నగా పూర్తయిన 1977 పుస్తకం కన్నా నాకు ఈ పన్నెండే ఎక్కువ. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే వరస ప్రకారం ఒకటో సంపుటం నుంచి వెళ్ళొద్దు, అది బరువు. ఆరోది తీసుకోండి. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చిత్తులు అక్కడే మొదలవుతాయి, చెక్కచెప్పుల ట్రాటర్ అందులోనే ఉంటాడు.